తేనె తెచ్చేది ఎవరమ్మా?

సెలవులొస్తే పిల్లలు చూసే సినిమాల్లో ‘బీ మూవీ’ ఒకటి. 2007లో వచ్చింది. హీరో బ్యారీ అనే కుర్ర తేనెటీగ. పువ్వుల మీదికెళ్ళి తేనె మోసుకొచ్చే వీరులంతా కండలు తిరిగిన మగాళ్ళే!

నిజం తేనెపట్టులో గూడు శుభ్రం చేసేది, పిల్లలకు తినిపించేది, మైనంతో గదులు కట్టేది, కాపలా కాసేది, తేనె తెచ్చేది అన్నీ ఆడ ఈగలే. పోతుటీగకు కుట్టడానికి ముల్లు కూడా ఉండదు. మేత తగ్గితే దాన్ని బయటికి నెట్టేస్తాయి. సినిమాలోనేమో బ్యారీ నేస్తం ఆడమ్ ఏకంగా లాయర్నే కుడతాడు.

“కార్టూనే కదా, ఈగలు కోర్టుకెళ్ళడం మాత్రం నిజమా?” అంటారు. ఈగలు మాట్లాడవని చంటిదానికీ తెలుసు. పని ఎవరు చేస్తారన్నది మాత్రం చూపించిందే నమ్ముతారు. 2006లో వచ్చిన ‘బార్న్‌యార్డ్’ మరీ విడ్డూరం. అందులో ఓటిస్ మగవాడు, కానీ కింద పొదుగు! పొదుగు కూడా మగవాడికే ఇచ్చేశాక ఇక ఆవుకి మిగిలిందేమిటి, మీరే చెప్పండి.

చాకిరీ ఆడదానిది, కథ మగవాడిది. “మీ అమ్మ ఏం చేస్తుంది?” అని అడిగితే “ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది” అనే జవాబు పిల్లల నోటికి ఊరికే రాదు. చుట్టూ చూసినదాంట్లోంచే వస్తుంది.

సినిమా మానిపించక్కర్లేదు, నవ్వుకోనివ్వండి. అయిపోయాక మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: నీ రొట్టె మీద తేనె తెచ్చింది ఆడ ఈగ. ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికి ముందు చెప్పండి.