ఖరాబైన సోఫాకి సదఖా అని పేరు పెట్టకండి



ఈమధ్య రంజాన్‌కి ముందు నేనొక తప్పు చేశాను. చేసేటప్పుడు అది సవాబ్ అనే అనుకున్నాను. మనలో చాలామంది ఇళ్లలో ఇదే తప్పు జరుగుతోందని తర్వాత తెలిసింది. అందుకే ముందు నా సంగతి చెప్పుకుని, ఆ తర్వాత మీతో పోట్లాడతాను.

మా ఇంట్లో ఒక సోఫా ఉండేది. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒక్కొక్కరు కూర్చునేవి రెండు. మట్టిరంగు రెగ్జిన్. పద్దెనిమిదేళ్ల కింద నా జహేజ్‌లో విజయనగరం నుంచి భోగాపురం వచ్చింది. రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడిపోయింది. లోపల స్పాంజి పిండి పిండి అయిపోయింది. స్ప్రింగు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. ఎలుకలు కాపురం పెట్టాయి. పండక్కి కొత్తది తెచ్చుకుందాం అనుకున్నాం. మరి పాతది ఏం చేయాలి?

మా ఆయన, "పెరట్లో వేసి అగ్గిపుల్ల గీసేద్దాం" అన్నారు. పక్కింటాయన, "రాత్రిపూట హైవే పక్కన దించేయండి, ఎవడు చూస్తాడు" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం, "ఎవరైనా గరీబోళ్లకి ఇవ్వండిరా, రంజాన్ నెల, డబ్బై రెట్లు సవాబ్" అన్నది. నాకు ఆ మాటే నచ్చింది. మా వీధి చివర ఒంటిగది ఇంట్లో ఒక బేవా ఖాలా మనవడితో ఉంటుంది. ఆటోలో వేయించి పంపించాను. ఖాలా రెండు చేతులూ ఎత్తి దుఆ చేసింది. ఆ రాత్రి తరావీహ్‌లో నా మనసు ఎంత తేలికపడిందో!

పది రోజులకి ఇఫ్తార్ సామాను ఇద్దామని వెళ్తే, సోఫా గుమ్మం బయట ఎండలో ఉంది. ఖాలా లోపల నేల మీద చాప వేసుకుని కూర్చుంది. మనవడి పిక్కకి కట్టు.

"లోపల పట్టలేదు బేటీ. ఎలాగోలా పట్టిస్తే పిల్లాడికి మేకు గీసుకుపోయింది. సూది మందు వేయించాను. పారేద్దామంటే నువ్వు మొహబ్బత్‌తో ఇచ్చావు, నీ దిల్ నొచ్చుకుంటుందని ఉంచాను. ఇప్పుడు తీయించాలన్నా ఆటోకి డబ్బులు కావాలి కదమ్మా" అంది.

నాకు నోట మాట రాలేదు. నా ఇంటి చెత్తని నేను ఆమె ఇంటికి మోయించాను. దానికి సదఖా అని పేరు పెట్టాను. నా సవాబ్‌కి ఖర్చు ఆమె పెట్టుకుంది. పైగా నా దిల్ నొచ్చుకోకూడదని ఆ బరువు కూడా ఆమే మోస్తోంది.

ఇప్పుడు పోట్లాట.

సూరా బఖరా 267వ ఆయత్ ఒకసారి తర్జుమాతో చదవండి. ఎదుటివాడు మీకిస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువుని అల్లాహ్ దారిలో ఇవ్వడానికి ఏరకండి అని ఆ ఆయత్ సారాంశం. దాని వెనక కథ కూడా హదీస్ కితాబుల్లో ఉంది. మదీనాలో అన్సార్లు ఖర్జూరం గెలలు తెచ్చి మస్జిద్‌లో వేలాడదీసేవారు, ఆకలిగా ఉన్న గరీబులు తింటారని. కొందరు మాత్రం ఎండిపోయిన, పాడైపోయిన గెలలు తెచ్చి కట్టేవారు. వాళ్ల గురించి దిగిన ఆయత్ ఇది. ఎండిన ఖర్జూరానికి, నా మేకుల సోఫాకి ఫరఖ్ ఏమిటి చెప్పండి?

ఇక మన మస్జిద్‌ల సంగతి. ఎన్ని చోట్ల వెనక గదిలో కాలు విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాన్లు, చిరిగిన దీవాన్‌లు పోగుపడి లేవు? అన్నీ ఎవరో ఒకరు 'అల్లాహ్ ఇంటికి' ఇచ్చినవే. మీ ఇంటికి పనికిరానిది అల్లాహ్ ఇంటికి ఎలా పనికొచ్చింది? ఇమాం సాబ్ వద్దనలేరు. ఎలా అంటారు? ఆయన జీతం మన చందాల్లోంచే రావాలి. కాదనలేని వాడి నెత్తిన బరువు పెట్టడాన్ని ఖైరాత్ అనరు.

"సోఫా కదా, ఎందుకింత రాద్ధాంతం, కాల్చేస్తే పోతుంది" అనే సాహెబ్‌లకి ఒక మాట. కాల్చితే పోదు, మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఆ స్పాంజి పేరు పాలీయురెథేన్. కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ అనే విషం వస్తుంది. రెగ్జిన్ మీది పీవీసీ పొర కాలితే ఇంకొన్ని విషాలు. 1979లో ఇంగ్లండులో మాంచెస్టర్ నగరంలోని ఒక పెద్ద దుకాణంలో సోఫాలు, పరుపులు అంటుకుని పదిమంది చనిపోయారు. అలాంటి ప్రమాదాలు చూశాకే ఆ దేశం 1988లో సోఫాలకి నిప్పు పరీక్ష పెట్టి చట్టం చేసింది. ఈరోజుకీ ఆ పరీక్ష చీటీ కుట్టి లేకపోతే అక్కడి ధర్మసంస్థల దుకాణాలు పాత సోఫాని దానంగా కూడా తీసుకోవు. చూశారా? దానం తీసుకునేవాడికి కూడా వద్దనే హఖ్ ఉంది. మన గరీబులకి ఆ హఖ్ మనమే లేకుండా చేశాం.

రోడ్డు పక్కన పడేయడం కూడా అంతే. చెత్తని వీధిలో, మురుగు కాలవలో, చెరువులో పడేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు అని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాసి ఉంది. ఆ కానూన్ పక్కన పెట్టండి, మన కానూన్ ఏమంటోంది? ఈమాన్‌కి డబ్బై చిల్లర శాఖలు ఉన్నాయి, వాటిలో అన్నిటికన్నా చిన్నది దారిలోంచి నొప్పించే వస్తువుని తీసేయడం అని హుజూర్ (స) చెప్పారు. తీసేయడం ఈమాన్ అయితే, తెచ్చి పెట్టడం ఏమవుతుంది? నేను ఫత్వా ఇచ్చేదాన్ని కాదు. మీరే చెప్పుకోండి.

మన విజయనగరం జిల్లాలో ముస్లింలం నూటికి ఒక్కరం కూడా లేము. ఒక వీధిలో ఒక ఇల్లు ఉంటే ఎక్కువ. మన గుమ్మం ముందు చెత్త ఒకరి పేరుతో ఉండదు, 'సాయిబులింటి ముందు' అనే పేరుతో ఉంటుంది. ఇది ఇన్సాఫ్ కాదు, నాకు తెలుసు. కానీ ఆ మాట పడే అవకాశం మన చేత్తో మనం ఎందుకివ్వాలి?

ఇప్పుడు ఇంకో తరీఖా వచ్చింది. ఎయిర్‌పోర్టు వస్తోందని మన హైవే రూపురేఖలు మారిపోయాయి. ఎటు చూసినా కొత్త ఇళ్లు, కొత్త సామాను. పాత సోఫా తెండి, కొత్తదాని మీద తగ్గిస్తాం అని బ్యానర్లు. ఎంతో హాయిగా ఉంటుంది, మన కంటి ముందు నుంచి పోతుంది కదా. ఎక్కడికి పోతుందో అడిగారా ఎప్పుడైనా? నేను అడిగాను. బండివాడు నవ్వి ఊరుకున్నాడు. జవాబు రాని చోటికి మన సామాను పంపకూడదు. బాగుచేసి అమ్ముతాడా, విడదీసి అమ్ముతాడా, ఏ గెడ్డలోనో దించేస్తాడా? చెప్పినవాడికే ఇవ్వండి.

అయితే ఏం చేయాలి అంటారా? మన తాతలకి తెలిసిందే చేయాలి.

మనలో దూదేకుల వాళ్లున్నారు. ఇది చదివేవారిలోనూ ఉన్నారు. 'దూదేకుల సాయిబు' అని ఎవరో వెటకారంగా అంటే తలదించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. తలెందుకు దించాలి? ఆ పని ఏమిటి? గడ్డ కట్టిన పాత పరుపుని విప్పి, దూది బయటికి తీసి, ఎండబెట్టి, విల్లుతో ఏకి, మళ్లీ అదే గుడ్డలో కూరి కుట్టడం. అమ్మమ్మ పరుపు అమ్మకి, అమ్మ పరుపు బిడ్డకి. పారేసే మాటే లేదు. ఇప్పుడు పెద్ద పెద్ద ఊళ్లలో వాడినదాన్నే మళ్లీ వాడాలని సభలు పెట్టి చెప్తున్నారు. ఆ ఇల్మ్ మన ఇంట్లో ఉండేది. స్పాంజి వచ్చింది, విల్లు అటకెక్కింది, వాళ్ల రోజీ పోయింది. మనమూ పోగొట్టుకున్నాం.

హుజూర్ (స) దారిలో చచ్చిపోయిన మేకని చూసి, దాని చర్మం తీసి పదును చేసి వాడుకోలేదేం అని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అంటే, తినడమే హరాం అన్నారు. తన చెప్పులు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. మన పేదరికం కాదు బాగుచేసుకోవడం, మన సున్నత్.

కాబట్టి వరసగా చెప్తాను. ముందు చెక్క చూడండి. చెక్క గట్టిగా ఉంటే సోఫా చావలేదు. కుషన్ పని చేసే మిస్త్రీని పిలవండి, పట్టీలు, స్పాంజి, గుడ్డ మార్పించండి. మన ఊళ్లలో ఆ పని చేసేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఆ డబ్బు వాళ్ల ఇంటికి పోతే అందులో బర్కత్ ఉంది. చెక్క కూడా పోతే, మీ పెరట్లోనే విప్పండి. ఒక సుత్తి, ఒక పట్టకారు, ఒక చాకు, ఒక పూట. ఖాలా ఇంటి ముందు నుంచి వెనక్కి తెచ్చి నేను అదే చేశాను, నా చేత్తోనే, మా అబ్బాయితో కలిసి. స్ప్రింగులు, మేకులు పాత ఇనుప సామాన్ల బండికి పోయాయి. మంచి చెక్కతో కోళ్ల గూడు అయింది. రంగు, పాలిష్ లేని ముక్కలు నీళ్ల పొయ్యికి. పిండి కాని స్పాంజిని గలేబుల్లో కూరి నాలుగు దిండ్లు కుట్టాను. మిగిలింది రెండు గోనెసంచులు. పొడి చెత్త అని పంచాయతీ బండికి వేరుగా కట్టి ఇచ్చాను. బండి లాగే ఆవిడకి చేతికి తొడుగులు కొనిచ్చాను. అది ఎహ్‌సాన్ కాదు, నా చెత్త ముట్టుకునే మనిషి హఖ్.

ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, నేను వద్దనను. కానీ ముందు మీరు దాని మీద ఒక గంట కూర్చోండి. మీ కూతురి అత్తారింటివాళ్లు వస్తే దాని మీద కూర్చోబెడతారా? పెడతాను అంటే ఇవ్వండి. ముందు అడగండి, వాళ్ల గదిలో చోటుందో చూడండి, ఆటో కిరాయి మీరే పెట్టుకోండి. వద్దు అంటే మొహం మాడ్చుకోకండి.

సోఫా విప్పుతుంటే చెక్క మీద దుకాణం వాడు పెన్సిలుతో రాసిన అబ్బా పేరు కనిపించింది. మగపిల్లవాడి వాళ్లు ఏమీ అడగలేదు. "మీ బిడ్డకి మీరు ఖుషీగా ఇచ్చుకోండి" అన్నారంతే. ఆ ఖుషీ కోసం అబ్బా తన రెండు కుట్టు మిషన్లలో ఒకటి అమ్మేశాడు. మా ఇంట్లో అయిదడుగుల వెడల్పున్న గదిలో సగం ఆ సోఫాయే ఉండేది. అడగకుండా తీసుకున్నా జహేజ్ జహేజే. షరీఅత్‌లో ఇవ్వాల్సింది మెహర్, అదీ మగవాడు ఇవ్వాలి. దేశం కూడా 1961లోనే కట్నాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా మన నికాహ్‌లలో లారీ ముందు వస్తుంది, ఖాజీ సాబ్ తర్వాత వస్తారు. పాత సోఫా ఎలా వదిలించుకోవాలి అన్న సవాల్ అసలు అక్కడ మొదలవుతుంది, అవసరం లేని సోఫా గుమ్మంలోకి వచ్చిన రోజు.

ఎయిర్‌పోర్టు కోసం మరడపాలెం, బొల్లింకలపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు ఉన్న చోటు నుంచి లేచి వేరే చోటికి వెళ్లాయి. మనమూ ఒకరోజు ఇల్లు ఖాళీ చేస్తాం, చివరికి దునియానే ఖాళీ చేస్తాం. అప్పుడు మన వెనక ఏం వదిలామో హిసాబ్ ఉంటుంది. ఎవరి గుమ్మం ముందు వదిలామో కూడా.

ఖాలాకి మాఫీ అడిగాను. "జానే దే బేటీ" అంది. పండక్కి ఆమెకి ఒక మడత మంచం కొన్నాం, కొత్తది, గదిలో పట్టేది. మా కొత్త సోఫా ఇంకా రాలేదు. ఆ డబ్బులో కొంత మంచానికి పోయింది. మిగతాది మా అమ్మాయి చదువుకి ఉంచాం. వచ్చినవాళ్లు దరీ మీద కూర్చుంటున్నారు. మీరూ రండి, చాయ్ తాగుదాం.

ఖుదా హాఫిజ్.