అంబాసడర్ని మనమే కట్టుకోవాలి

నలభై దాటిన సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఆదివారం పూట నేలమీద కూచుని లెగో ముక్కలు ఏరుకుంటున్నాడంటే చూసేవాళ్ళకి రెండే అనుమానాలొస్తాయి. ఒకటి, పిల్లాడికి సాయం చేస్తున్నాడు. రెండోది పైకి అనరు. మా బావగారు మాత్రం అనేశారు: "ఏవయ్యా, ఇంత డబ్బుతో ఎక్కడైనా స్థలం కొనుక్కోవచ్చు కదా?" (ఈ ముక్కల డబ్బుతో హైదరాబాదు చుట్టుపక్కల స్థలం వచ్చేట్టయితే ఆ చిరునామా నాకూ కావాలి.)

నేను కట్టేవి డబ్బాలో వచ్చే బొమ్మలు కావు. సొంతంగా ఊహించుకుని, కొలతలు వేసుకుని, ముక్కలు విడిగా తెప్పించుకుని కట్టే బళ్ళు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు వీటిని ఎంఓసీలంటారు, అంటే "నా సొంత నిర్మాణం" అని. పెద్దవాళ్ళు ఇలాంటివి కట్టడం వింతేమీ కాదు. లెగో కంపెనీయే 2020 నుంచి నల్ల డబ్బాల మీద 18+ అని ముద్రేసి అమ్ముతోంది. బాగానే ఉంటాయి, కాదనను. కానీ పుస్తకంలో 1 నుంచి 300 దాకా అంకెలు చూసుకుంటూ ముక్కలు తగిలించుకుపోవడం, నా మటుకు నాకు, వేరేవాడు రాసిన డాక్యుమెంటు చూసి సర్వర్ ఇన్‌స్టాల్ చెయ్యడం లాంటిది. చివర్లో పనిచేస్తుంది, సంతోషమే. మనం చేసిందేంటంటే మాత్రం చెప్పడం కష్టం.

ఇంకో సంగతుంది. ఆ పెద్ద డబ్బాల్లో ఏ కార్లు వచ్చాయో చూడండి. 2014లో మినీ కూపర్, 2016లో బీటిల్, 2020లో ఫియట్ 500, 2021లో పోర్షే 911. ఎవరి వీధుల్లో తిరిగిన బళ్ళు వాళ్ళు కట్టుకున్నారు, తప్పేముంది? మన అంబాసడర్ ఆ వరుసలో లేదు. కలెక్టరుగారి కారు, పెళ్ళికొడుకు కారు, ఊరిమొత్తానికీ ఉన్న ఒకే ఒక్క టాక్సీ - అన్నీ అదే అయిన కారు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దాని తయారీ ఆగిపోయింది. మనవాళ్ళు కొందరు ఈ ముక్కలతో ఫెరారీలు కడుతుంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఫెరారీ కట్టడానికి ఇటలీలో బోలెడుమంది ఉన్నారు. కొండపల్లి బొమ్మలవాళ్ళు పొణికి కర్రతో చెక్కింది వాళ్ళ కళ్ళముందు నడిచిన ఎడ్లబండినే కదా.

సరే, కొలతలకొద్దాం. అసలు సరదా అంతా అక్కడే.

లెగో ఇటుక మీద బొడిపెని స్టడ్ అంటారు. రెండు స్టడ్ల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పల్చటి ప్లేటు ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు ఒక ఇటుక. అడ్డంగా 8, నిలువుగా 9.6 కావడంతో ఇటుకని పక్కకి తిప్పి పెడితే చుట్టూ ఉన్నవాటితో కలవదు. కానీ ఐదు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పెడితే 16 మిల్లీమీటర్లు, అది సరిగ్గా రెండు స్టడ్లు! ఈ ఒక్క లెక్క మీదే పక్కకి తిప్పి కట్టే విద్యంతా నడుస్తుంది. అంబాసడర్ మడ్‌గార్డులు ఒంటికి అతికించిన బుగ్గల్లా ఉంటాయి. వాటిని స్టడ్లు పైకి పెట్టి కడితే మెట్లు మెట్లుగా వస్తాయి, సత్యనారాయణవ్రతం పీటలాగా. వంపు ముక్కల్ని పక్కకి తిప్పి తగిలిస్తేనే ఆ గుండ్రం పలుకుతుంది.

అసలు కారు వెడల్పు దాదాపు 1.66 మీటర్లు, పొడవు 4.3 మీటర్ల పైచిలుకు. ఆరు స్టడ్ల వెడల్పు, అంటే 48 మిల్లీమీటర్లు తీసుకుంటే స్కేలు సుమారు 1:35. ఆ లెక్కన పొడవు పదహారు స్టడ్లకి ఓ వెంట్రుకవాసి తక్కువ, చక్రాల మధ్య దూరం తొమ్మిది. ఇక్కడిదాకా ముచ్చటగా ఉంది. ఎత్తు దగ్గర పేచీ వస్తుంది. స్కేలు ప్రకారం కప్పు 46 మిల్లీమీటర్లుండాలి, లెగో మనిషేమో నిలబడితే 40. కారు డ్రైవరుకంటే పొడుగైపోతుంది, అంబాసడర్ కాస్తా మినీబస్సులా కనిపిస్తుంది. అందుకని కప్పుని మనిషి తల దగ్గరే ఆపేశాను. కొలత ప్రకారం అబద్ధం, కంటికి నిజం. గోడలకి చెరో స్టడ్డు పోగా లోపల మిగిలేది నాలుగు. ఇద్దరు పక్కపక్కన కూచోవాలంటే ఒకడి చెయ్యి పైకి, రెండోవాడిది కిందికి ఉండాలి. (మన టాక్సీల్లో ముందుసీట్లో ముగ్గురు కూచున్న రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది ఇబ్బందిగా అనిపించదు.)

ఇటుకలతో ప్రయోగాలకి ముందు కంప్యూటర్లో కడతాను. మనవాళ్ళకి ఇందులో నచ్చే విషయమొకటుంది. 1995లో జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామరు ఎల్‌డ్రా అని రాశాడు. అందులో మోడల్ అంటే ఒట్టి టెక్స్ట్ ఫైలు. ఒక్కో ముక్కకి ఒక్కో లైను: రంగు సంఖ్య, మూడు అక్షాల్లో స్థానం, తిప్పుడికి తొమ్మిది అంకెల మాత్రిక, ముక్క ఫైలు పేరు. ఇటుక వెడల్పు 20 యూనిట్లు, ఎత్తు 24, ప్లేటు 8. భిన్నాల గోలే లేదు. పాపం అతను 1997లో, చాలా చిన్నవయసులోనే పోయాడు. ఆ ఫార్మాట్ ఇప్పటికీ బతికుంది, కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్లు కూడా దాన్ని చదువుతాయి. నా అంబాసడర్ గిట్‌లో ఉంది. బంపరు మార్చినప్పుడు ఏ లైన్లు మారాయో కనిపిస్తుంది.

ఇటుక సంగతి ఇంకా ఘోరం. దాని పేటెంటు దరఖాస్తు 1958 జనవరి 28న పడింది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి అతుకుతుంది. అరవై ఏళ్ళకి పైగా ఇంటర్‌ఫేస్ మార్చలేదండీ! మనం మూడేళ్ళ కిందటి లైబ్రరీ ఎక్కించాలంటే రెండు రోజులు దణ్ణాలు పెట్టుకుంటాం. నేను పద్దెనిమిదేళ్ళు ఉద్యోగం చేశాను. ఒక బ్యాంకుకి నాలుగేళ్ళపాటు, పండగలు కూడా మానుకుని రాసిన వ్యవస్థని ఒక శుక్రవారం సాయంత్రం ఆపేశారు. ఎవరి తప్పూ కాదు, వాళ్ళు వేరేది కొనుక్కున్నారంతే. ఇప్పుడు నేను రాసిన కోడ్ ఎక్కడైనా నడుస్తోందా అంటే చూపించడానికి ఒక్కటీ లేదు. అల్మరాలో తెల్ల అంబాసడర్ మాత్రం ఉంది. మా అమ్మాయి దాన్ని రెండుసార్లు కింద పడేసింది, రెండుసార్లూ తిరిగి కట్టాను. దాని స్పెసిఫికేషను నాదే, క్లయింటునీ నేనే, పదహారోసారి ముందు గ్రిల్లు మార్చమన్నదీ నేనే. ఆఫీసులో పదహారోసారి మార్చమంటే ఎంత తిట్టుకుంటామో మీకు చెప్పక్కర్లేదు.

ఖర్చు మాటా చెప్పాలి, దాచి లాభం లేదు. విడి ముక్కలు కొనుక్కోవడానికి 2000లో మొదలైన బ్రిక్‌లింక్ అనే సంత ఉంది (2019లో లెగో కంపెనీయే దాన్ని కొనేసింది). అక్కణ్ణుంచి మనదాకా రావాలంటే, ముక్కల ధరకంటే పోస్టేజీ, సుంకం ఎక్కువైన సందర్భాలున్నాయి. బొమ్మల దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దేశంలో బొమ్మల పరిశ్రమ పెరగాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఇది బొమ్మ కాదు, నాకు ముడిసరుకు. వడ్రంగికి చెక్క మీద అంత పన్నేస్తే ఊరుకుంటాడా?

అందుకే చాలామంది వేరే కంపెనీల ఇటుకలకి మళ్ళారు. నాకందులో అభ్యంతరమేమీ లేదు. ఇటుక పేటెంట్లు ఎప్పుడో ముగిశాయి. ఆ ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా కాపాడుకోడానికి లెగో వేసిన కేసులు 2005లో కెనడా సుప్రీంకోర్టులో, 2010లో ఐరోపా న్యాయస్థానంలో వీగిపోయాయి. ఎనిమిది మిల్లీమీటర్ల దూరం ఇవాళ ఎవరి సొత్తూ కాదు. కానీ ఎవడో అభిమాని నెలల తరబడి కూచుని గీసుకున్న కారుని అడక్కుండా డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళున్నారు చూడండి, అది మాత్రం దొంగతనమే. చవగ్గా వస్తోంది కదా అని అలాంటివి కొని "నేనే కట్టాను" అని ఫొటో పెట్టేవాళ్ళతో నాకు మాటల్లేవు. కొనాలంటే ఒట్టి ఇటుకలు కొనండి, డిజైను మీరే చెయ్యండి. మొదటిది డబ్బాలా వస్తుంది. రానివ్వండి, మారుతి ఓమ్నీ అని పేరెట్టుకోవచ్చు.

ప్రస్తుతం బల్లమీద ఉన్నది సెవెన్ సీటర్ ఆటో. కప్పు, చక్రాలు కుదిరాయి. పేచీ జనంతో. లోపల నలుగురికి మించి పట్టట్లేదు, మిగతావాళ్ళని డ్రైవరుకి అటూ ఇటూ వేలాడదియ్యాలి. లెగో మనిషి పిడికిలి 3.2 మిల్లీమీటర్ల కడ్డీని పట్టుకుంటుంది కాబట్టి కప్పు అంచుకి అలాంటి కడ్డీ ఒకటి బిగించాను. ఎడమపక్కవాడు బాగానే వేలాడుతున్నాడు. కుడిపక్కవాడి బరువుకి బండి ఒరిగిపోతోంది. వెనకసీటు కింద ఓ టైరు దాచి చూడాలి.