నాచు తాళ్లు

2020 మార్చి 25. మనకు శార్వరి ఉగాది, దేశానికి లాక్‌డౌన్ తొలిరోజు. సరిగ్గా ఆ రోజే ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో న్యేపి, అక్కడివాళ్ల ఉగాది. వాళ్లదీ శక సంవత్సరమే, అదే 1942. మనం పచ్చడి కలుపుకుంటే వాళ్లు పొయ్యి వెలిగించరు, దీపం పెట్టరు, గడప దాటరు. విమానాశ్రయం కూడా ఒక రోజంతా మూసేస్తారు. ఆ ఏడు ఆ మౌనం ఒక్కరోజుతో పోలేదు. విదేశీయులకు తలుపులు మళ్లీ తీసింది 2021 అక్టోబరులో. బయటి దేశం నుంచి వాళ్లను నేరుగా తెచ్చిన మొదటి విమానం దిగేసరికి 2022 ఫిబ్రవరి వచ్చింది. 2019లో 60 లక్షల మందికి పైగా విదేశీయులు వచ్చిన చోటు అది.

నన్ను పట్టుకున్నది మాత్రం పక్కనున్న చిన్న దీవి, నూసా లెంబొంగన్. టూరిస్టులు రాకముందు అక్కడివాళ్ల బతుకు సముద్రపు నాచు. మోకాలిలోతు నీళ్లలో గూటాలు పాతి, తాళ్లు లాగి, నాచు ముక్కలు కడతారు. నెలా నెలన్నరకి కోసి ఒడ్డున ఎండేస్తారు. దాని సారం ఐస్‌క్రీముల్లోకీ టూత్‌పేస్టుల్లోకీ పోతుంది (రోజూ పొద్దున్నే మనమూ కాస్త నోట్లో వేసుకుంటున్నామన్నమాట). టూరిజం పెరిగాక నాచు ఎండిన చోట్ల గదులు లేచాయి, తాళ్లు మూలపడ్డాయి. కరోనా వచ్చి గదులు ఖాళీ అయ్యాక, పరుపులు సర్దినవాళ్లూ పడవల్లో షికారు తిప్పినవాళ్లూ మళ్లీ అదే నీళ్లలోకి దిగారు. ముడి వెయ్యడం తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకా ఉన్నారు కాబట్టి దిగగలిగారు. అదే ఇంకో ఇరవయ్యేళ్ల తర్వాతైతే?

మా విశాఖలో ఆ వేసవి బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ బండి లేదు, మొక్కజొన్న పొత్తుల పొగ లేదు. అలల చప్పుడు ఇంతుంటుందా అని ఆశ్చర్యపోయాను. సిగ్గుపడాల్సిన ఆశ్చర్యమే, ఆ బండ్లవాళ్లు ఏం తింటున్నారో అప్పటికి ఆలోచించలేదు. తిరిగి పట్టుకోవడానికి వాళ్లకు ఏ తాడూ లేదు.

పెదజాలరిపేట ఇసుకలో వలలు అల్లుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, ఎక్కువగా తల నెరిసినవాళ్లు. మొన్నొక పెద్దాయన పక్కన కూర్చుని, మీ అబ్బాయికి నేర్పారా అని అడిగాను. ఆయన వల మీంచి తలెత్తలేదు.

“ఆడికిదెక్కడొచ్చు బాబూ, రిసార్టులో పన్జేస్తన్నాడు.”