కమిటీ లెక్క వాడకు తెలియాలి

నల్లజాతి ప్రజలపై సాగుతున్న వివక్షను ఎదుర్కోవడానికి కెనడాలోని టొరంటో నగరం 2017లో ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. ఆ సమాజం వారితోనే సలహా సంఘాన్నీ ఏర్పరచింది. ఈ సంగతి విన్న మన గార్లదిన్నె మండలం యువకులకు, మనకూ అలాంటిది ఉంటే బాగుండుననిపించవచ్చు. మనకూ ఉంది. 1995 నుంచి ఉంది. పేరు జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ.

నల్లజాతి వారిపై వివక్షనూ మన కుల వివక్షనూ కలిపి చూడటం కొత్తేమీ కాదు. ఫూలే 1873లో తన 'గులాంగిరీ'ని నీగ్రో బానిసత్వాన్ని తొలగించిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు కారంచేడులో చిందిన దళితుల నెత్తురును ఆ చట్టం నుంచి విడదీసి చూడలేం. 1995 నిబంధనల ప్రకారం రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. జిల్లా కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు. మూడు నెలలకు ఒక్కసారైనా కూర్చోవాలి. ఎస్పీ, ఎమ్మెల్యేలు, ఎంపీలతో పాటు ఎస్సీ, ఎస్టీలకు చెందిన అనధికార సభ్యులు అందులో ఉంటారు. కిందికి వస్తే ఆర్డీవో అధ్యక్షతన డివిజన్ కమిటీ. వీటిని ఉత్త సలహా సంఘాలుగా చూడటం పొరపాటు. 60 రోజుల్లో పడాల్సిన ఛార్జిషీటు ఎందుకు పడలేదని ఎస్పీ ఎదుటే అడగగలిగే చోటు దళితవాడకు ఇంకెక్కడుంది?

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో ఈ కరువు నేల మీద బతికేవాళ్లకు తెలుసు. మిడ్ పెన్నార్ డ్యాం మన మండలంలోనే ఉన్నా మెట్ట చేలకు వానే దిక్కు. శెనక్కాయ పంట పండితేనే కూలి. ఆ కూలి ఇచ్చే చెయ్యీ, అవసరానికి అప్పిచ్చే చెయ్యీ తరచూ ఒకటే. అవమానించినవాడి మీద కేసు పెడితే మర్నాటి నుంచి పనికి పిలుపు రాదు. పెద్దమనుషులు రాజీ మాట తెస్తారు. చాలా నేరాల్లో బాధితులకు ప్రభుత్వ సాయం విడతలుగా అందుతుంది: ఎఫ్‌ఐఆర్ అయినప్పుడు కొంత, ఛార్జిషీటు కోర్టుకు చేరినప్పుడు కొంత, మిగతాది తీర్పు తర్వాత. ఛార్జిషీటు ఆలస్యమైతే ఆ డబ్బూ ఆలస్యమవుతుంది. ఈలోపు ఫిర్యాదుదారు పిల్లాజెల్లాతో బెంగళూరు బండెక్కుతాడు. వాయిదాకు రావాలంటే అక్కడి కూలి పోగొట్టుకోవాలి, ఛార్జీలు పెట్టుకోవాలి. సాక్షి ఎందుకు ఎదురు తిరిగాడని అడిగేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. కమిటీ మూడు నెలలకోసారి తప్పక కూర్చోవాలన్న నిబంధన విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒక సమావేశం తప్పితే ఒక పంటకాలం తప్పినట్టే.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పోరాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అంత పెద్ద ఉద్యమం అండగా ఉన్న కేసుకే హైకోర్టులో ఆ గతి పట్టిందంటే, హోటల్లో వేరే గ్లాసు పెట్టారని ఒంటరిగా ఫిర్యాదు చేసిన మనిషికి కమిటీ తప్ప తోడెవరు?

అనంతపురం విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథలో నీళ్ల దగ్గరి కులాన్ని ఎప్పుడో చూపించారు. మన సాహిత్యం గాయాన్ని నమోదు చేసింది. ఆ గాయం విషయంలో ప్రభుత్వం ఏం చేసిందన్న నమోదు మాత్రం కమిటీ మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం వాడకు కనిపించదు. నెలనెలా 30న పౌరహక్కుల దినం పేరిట అధికారులు ఊళ్లకు వచ్చి చట్టం గురించి చెబుతారు. అది అవసరమే. దానితో పాటు గత సమావేశంలో ఏ కేసు మీద ఏం నిర్ణయించారో, ఎంతవరకు అమలైందో కూడా అదే సభలో చదివి వినిపించాలి. బాధితుల పేర్లు చెప్పనక్కరలేదు. అనధికార సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గ్రామ సచివాలయం గోడ మీద ఉండాలి. ఆ సభ్యులు నాయకుల సిఫార్సు మీద కాక, వాడ నమ్మినవాళ్లై ఉండాలి.

గడిచిన ఏడాదిలో జిల్లా, డివిజన్ కమిటీలు ఏయే తేదీల్లో కూర్చున్నాయి, గార్లదిన్నె మండలం కేసులు ఎన్ని చర్చించాయి అని సమాచార హక్కు చట్టం కింద మా పత్రిక తరఫున అడుగుతున్నాం. వచ్చిన జవాబును యథాతథంగా అచ్చు వేస్తాం.