కొత్త రుచిమీదనే నేరం

మీరు విందులో అన్నమూ, పప్పూ, ఎన్నడూ ఎరగని మిఠాయి ఒకటీ తిన్నారనుకోండి. రాత్రి వాంతులైనవి. ఆ తరవాత మీకు వెగటు పుట్టేది సాధారణంగా ఆ మిఠాయిమీదనే! దోషం పప్పుదే కావచ్చు, పాపం.

పాత రుచి హాని చేయదని మెదడుకు తెలుసు. మెదడు పక్కమడతలలో దాగిన ‘ఇన్సులా’ అనే భాగంలో, కొత్త రుచి తగిలితే ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం హెచ్చుతుంది. అలవాటైన కొద్దీ తగ్గుతుంది. ఈ సంగతి ఎలుకలలో కనిపెట్టారు.

ఎలుక వాంతి చేసుకోలేదు. అందుచేత కొత్త తిండిని కాస్త కొరికి ఊరుకుంటుంది. బాధ కలగకపోతేనే మళ్ళీ ముడుతుంది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా మొదలైనవారు ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యని నీరిచ్చి, గామా కిరణాలు సోకనిచ్చారు. అవస్థ కిరణాలవల్ల కలిగింది. ఎలుకలు మానేసింది తియ్యని నీటిని!