జామ్ సరే, ఆట ఏదీ?

ఇంగ్లిష్ ల్యాబ్ అనగానే మనకు గుర్తొచ్చేది జామ్, అంటే 'జస్ట్ ఎ మినిట్'. ఇది 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఆట. అక్కడ ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊరికే కూర్చోరు. తడబడినా, చెప్పిందే చెప్పినా, విషయం దాటిపోయినా వెంటనే అడ్డుకుంటారు. ఆ అభ్యంతరం నిలిస్తే మిగిలిన సెకన్లు వాళ్లవే. అంటే అది వినేవాళ్ల ఆట కూడా.

మన ల్యాబుల్లోకి గడియారం వచ్చింది గానీ ఆట రాలేదు. 30 మంది బ్యాచ్‌లో ఒక్కొక్కరికి ఒక నిమిషం. మిగతా 29 నిమిషాలూ తన వంతు ఎప్పుడొస్తుందా అన్న గుబులే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇది నేర్చుకోవడం కాదు, పరీక్ష.

అదే అరగంట జంటలుగా కూర్చోబెడితే? ఒకరి చేతిలో సగం బస్ టైమ్‌టేబుల్, ఇంకొకరి దగ్గర మిగతా సగం. కాగితం చూపించకూడదు, ఇంగ్లిష్‌లో అడిగి నింపుకోవాలి. ఇక్కడ ప్రశ్నకు నిజంగా పని ఉంది. ఒక్కొక్కరికి దాదాపు పావుగంట మాట్లాడే వీలు దొరుకుతుంది. తప్పు మాట్లాడినా వినేది ఒక్క ఫ్రెండే.

మనలాంటి తెలుగు పిచ్చోళ్లకి ఇంకో ఆట: 'చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం' లాంటి సామెతను తెలుగు రాని మనిషికి ఇంగ్లిష్‌లో విడమరచి చెప్పాలి. బట్టీ పట్టిన పరిచయాలు ఇక్కడ పనికిరావు.

జంటల్లో తెలుగులోకి జారిపోతారని అంటారు. కాసేపు జారనివ్వండి. చివర్లో క్లాసుకి చెప్పేది మాత్రం ఇంగ్లిష్‌లోనే అంటే చాలు.

జామ్ తీసేయమనడం లేదు. మొదటి వారం కాకుండా చివరి వారంలో పెట్టమంటున్నా.