వడదెబ్బకు షర్బత్తు చాలదు

ఎండలు ముదిరితే మన ఇళ్ళలో షర్బత్తు సీసాలు, సబ్జా గింజలు, నన్నారి బయటికొస్తాయి. సంతోషమే. కానీ ఏటా నన్ను బాధపెట్టే పొరపాటు ఒకటుంది. దాని గురించి ఈ వారం కొంచెం గట్టిగానే చెప్పదలచుకున్నాను.

రెండేళ్ళ క్రితం మే నెలలో, జొహర్ నమాజు అయిన కాసేపటికి, ఓ అబ్బాయి వాళ్ళ అబ్బాను ఆటోలో మా దవాఖానాకు తెచ్చాడు. ఆయనది రేకుల షెడ్డులో వెల్డింగు పని. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది, కొడుకునే గుర్తుపట్టడం లేదు. "హకీం సాబ్, రెండు గ్లాసుల షర్బత్తు తాగించాం, గాలి తగలకుండా దుప్పటి కప్పాం, అయినా తగ్గలేదు" అన్నాడు. ముందు దుప్పటి లాగేసి, చొక్కా విప్పించి, ఒంటినిండా నీళ్ళు పోసి ఫ్యాను కింద పడుకోబెట్టాను. 108 రాగానే పెద్దాసుపత్రికి పంపాను. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. ఇంట్లో గడిచిపోయిన ఆ గంట మాత్రం ప్రాణం మీదికి తెచ్చింది.

తప్పు ఎక్కడ జరిగింది? మన తిబ్బులో గరం, సర్ద్ అనే మాటలు మిజాజుకు సంబంధించినవి. థర్మామీటరు చూపే వేడి వేరు. షర్బత్తు తాసీరు సర్ద్ అన్నంత మాత్రాన అది ఒంట్లోని వేడినంతా బయటికి తోడిపోయదు.

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది. ఒక వస్తువును మరొకటి తాకితే పోతుంది, గాలి మోసుకుపోతుంది, పొయ్యి సెగలా దూరం నుంచి కూడా తగులుతుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట 42 డిగ్రీలుంటే ఈ మూడు దారులూ తిరగబడతాయి. బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలేది ఒక్కటే దారి, చెమట ఆరిపోవడం.

లెక్క చూడండి. ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తాగితే ఒంట్లోంచి కొంత వేడి తగ్గుతుంది. అదే గ్లాసు నీళ్ళు చర్మం మీద ఆవిరైపోతే దానికి సుమారు 20 రెట్ల వేడిని పట్టుకుపోతాయి. సురాహీలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. మట్టి గోడల్లోంచి ఊరిన తడి ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. స్టీలు బిందెకు ఆ గుణం లేదు. దుప్పటి కప్పడమంటే సురాహీకి ప్లాస్టిక్ కవరు చుట్టడమే.

ఊరినిబట్టి కూడా తేడా ఉంది. బళ్ళారి, షోలాపూర్ వైపు గాలి పొడిగా ఉంటుంది, చెమట చప్పున ఆరుతుంది, ఒంట్లో నీళ్ళు తెలియకుండానే తగ్గిపోతాయి. అక్కడ మాటిమాటికీ నీళ్ళు తాగాలి. యానాం, చెన్నై, బరంపురం వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. అందుకే థర్మామీటరులో అంకె తక్కువున్నా ప్రమాదం తక్కువ కాదు. 1998 ఎండలకు ఒక్క ఒడిశాలోనే 2,000 మందికి పైగా చనిపోయారు.

"హకీం అయ్యుండి షర్బత్తును తీసిపారేస్తారా?" అని మీరు అడగవచ్చు. తీసిపారేయడం లేదు. దాహానికి, నీరసానికి అది మంచిదే. కానీ ఆరోగ్యానికి తప్పనిసరి అని మన తిబ్బు చెప్పే ఆరింటిలో, అస్బాబె సిత్తా జరూరియ్యాలో, మొదటిది హవా. తినడం, తాగడం దాని తర్వాతే. గాలి సంగతి వదిలేసి గ్లాసు పట్టుకుంటే అది యునానీ కూడా కాదు.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. ఎండకు ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, స్పృహ తప్పినా, అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, నమ్మకండి. వెంటనే 108కి ఫోను చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటి మీద తిరిగే ఫ్యాను వేడినే విసురుతుంది, అందుకే తడి ఆరకుండా చూడండి. తెలివిలో లేని మనిషి నోట్లో చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మిద్దె పగలంతా తాగిన వేడిని రాత్రి కిందికి వదులుతుంది. రంజానుకు ముందు ఇంటి లోపలి గోడలకు వేయించే సున్నం ఈసారి మిద్దె పైన కూడా వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ముసలివాళ్ళు, పసిపిల్లలు పడుకునే గదికి ఇది ముఖ్యం.

ఈ కాగితాన్ని మీ దాదీకి, అమ్మీకి చదివి వినిపించండి. వేసవిలో ఇంట్లో ముందుగా దుప్పటి తెచ్చేది ప్రేమతోనే. ఆ ప్రేమ ఈసారి తడి గుడ్డ తేవాలని నా కోరిక.